పిచ్చి ఏసన్న, మిలిటరీ ఏసన్న

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరూ చాపల మీదనుంచి లేవకముందే, పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు బెంగళూరు నుంచి వచ్చిన కాగితం విప్పారు. పాత సైనికుల వివరాలు దాచే ఆఫీసుకు ఆయనే రాసి తెప్పించారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో వరుసా తెలుగులో చెప్పుకుంటూ పోయారు.

పేరు ఏసన్న. తండ్రి గాబ్రియేలు. మతం క్రైస్తవం. తాలూకా పత్తికొండ. పట్టాళంలో చేరింది పందొమ్మిది వందల నలభై రెండులో. అప్పటికి వయసు ఇరవై నాలుగు. బర్మా సరిహద్దులో రోడ్లు వేసే దళంలో పని. ఎడమ భుజం వెనక బాంబు పెంకు తగిలి ఆస్పత్రిలో ఉన్నాడు. యుద్ధం అయ్యాక ఇంటికి పంపారు. భార్య పేరు రూతమ్మ.

"మా జేజి!" అని జయపాల్ లేచి నిలబడ్డాడు. "చూసినారా? నేను చెప్తానే ఉండా, మా జేజినాయన పేరు రికార్డుల్లో ఉంటాదని."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూర్చో జయపాలూ," అన్నాను. "ఆ కాగితంలో ఉండేది మీ జేజినాయన కాదు. మా నాయన."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఎవురు, పిచ్చి ఏసన్ననా?"

దాంతో చర్చి అంతా నవ్వింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అయ్యగారు కూడా కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మా చర్చి కట్టి నూరేళ్లు కావస్తోంది. ఆ పండుగకు, మన సంఘం నుంచి పెద్ద యుద్ధానికి పోయినవాళ్ల పేర్లు రాతి మీద చెక్కించి గోడలో పెట్టాలని కమిటీ తీర్మానించింది. కమిటీకి పెద్ద జయపాల్. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైనవాడు. మా పెదనాయనకూ రూతమ్మకూ మనవడు. నాకు మేనల్లుడి వరస.

మా పెదనాయన పేరూ ఏసన్నే, మా నాయన పేరూ ఏసన్నే. మా వైపు ఇది వింత కాదు. దేవుడికి మొక్కుకుని పేరు పెడితే పుట్టిన బిడ్డలందరికీ అదే పేరు. ముందు పుట్టినవాడు పెద్ద, మధ్యవాడు నడిపి, చివరివాడు చిన్న. మా తాత గాబ్రియేలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు, నాకు పుట్టే కొడుకులందరూ ప్రభువు పేరుతోనే పెరుగుతారు అని మొక్కుకున్నాడట. ఇద్దరు పుట్టారు. పెద్ద ఏసన్న, చిన్న ఏసన్న. ఊళ్లో ఎవరికీ తికమక లేదు. బయటివాళ్లకు మాత్రం ఇద్దరూ ఒక్కటే. గాబ్రియేలు కొడుకు ఏసన్న.

నలభై రెండులో వానలు లేవు. గుత్తిలో పట్టాళానికి మనుషులను తీసుకుంటున్నారంటే మా పెదనాయన పోయి పేరు ఇచ్చాడు. ఎత్తు కొలిచారు, రొమ్ము కొలిచారు, వయసు అడిగారు, పెళ్లాం పేరు అడిగారు, రాసుకున్నారు. వచ్చే వారం రైలుకు రమ్మన్నారు. ఇంటికొచ్చి చెబితే, అప్పటికి కడుపుతో ఉన్న మా పెద్దమ్మ రూతమ్మ పడుకున్న చోటినుంచి లేవలేదు, ముద్ద ముట్టలేదు. పోకపోతే పోలీసులు వస్తారని పెదనాయనకు భయం. పోతే చస్తానని ఇంకా భయం. అప్పుడు మా అవ్వ గిడ్డమ్మ తేల్చేసింది. పేరు ఒక్కటే కదా, చిన్నోడు పోతాడు అంది.

మా నాయనకు మీసం కూడా రాలేదు అప్పటికి. గుత్తి స్టేషన్లో దొర "ఏసన్న, సన్నాఫ్ గాబ్రియేలు" అని పిలిస్తే లేచి నిలబడ్డాడు. అంతే. ఆ తర్వాత ఎవరు అడిగినా, కాగితంలో ఉన్నదే చెప్పాడు. వయసు ఇరవై నాలుగు అన్నాడు. భార్య రూతమ్మ అన్నాడు. వదినను పట్టుకుని భార్య అని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా చెంపలు వేసుకునేవాడట. ఆయన జీతంతో మా ఇల్లు గడిచింది. ఇదంతా మా అవ్వ తన నోటితో నాకు చెప్పింది, చనిపోయే ముందు. "నేనే పంపిస్తినే, ఆ పసిబిడ్డను నేనే పంపిస్తి," అని మంచం పట్టెకు తల కొట్టుకుంది.

యుద్ధం నుంచి వచ్చిన మా నాయన మాట్లాడడం తగ్గించేశాడు. పొలం పని చేసేవాడు, నన్ను భుజాన ఎత్తుకునేవాడు, ఎవరితోనూ గొడవ లేదు. కాని ఆ రోజుల్లో బావులు తవ్వేటప్పుడు రాతిపొర తగిలితే తూటాలు పెట్టి పేల్చేవాళ్లు. ఆ మోత వింటే చాలు, నేలకు కరుచుకునేవాడు. పక్కన ఎవరుంటే వాళ్లను కిందికి లాగి మీద పడుకునేవాడు, దెబ్బ తనకు తగలాలని. ఒకసారి బావి గల ఆసామి కొడుకును అట్లా లాగి మీద పడుకున్నాడు. పెద్దింటి బిడ్డ మీద పడతావా అని చావడి స్తంభానికి కట్టేసి కొట్టారు. అక్కడ నిలబడి చూసినవాళ్లలో మా పెదనాయన ఉన్నాడు. "నా తమ్మునికి పిచ్చి సామీ, వదిలేయండి," అన్నాడు. వీడు యుద్ధానికి పోయి వచ్చినాడు సామీ అనలేదు. అంటే ఎవరి బదులు పోయాడో చెప్పాల్సి వస్తుంది. ఆ రోజు నుంచి మా నాయన పిచ్చి ఏసన్న అయ్యాడు.

నాకు ఇంకా పెళ్లీడు రాకముందే ఆయన పోయాడు. తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు. వాళ్లు పోయేకొద్దీ మా పెదనాయన గొంతు పెరిగింది. ఆగస్టు పదిహేనుకు బళ్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు. బర్మా అడవుల గురించి, వానల గురించి, జపానోళ్ల విమానాల గురించి పిల్లలకు చెప్పేవాడు. ఒకే పంచలో పడుకునేవాళ్లు కదా అన్నదమ్ములు. మా నాయన నిద్రలో అరిచిన అరుపులే ఆయన నోట్లో కథలయ్యాయి. ఊరు ఆయనను మిలిటరీ ఏసన్న అంది. ఇప్పుడున్న వాళ్లందరికీ తెలిసింది ఆ కుర్చీలో కూర్చున్న ఏసన్నే.

ఇదంతా చర్చిలో నిలబడి చెప్పాను. ఇంత నెమ్మదిగా కాదు, కేకలు వేస్తూనే చెప్పాను.

"అత్తా, కత బాగుండాది," అన్నాడు జయపాల్. "ఆధారం యాడ? వయసు మా జేజినాయనది. పెండ్లాం మా జేజి. కాగితం అబద్ధమాడతాదా?"

"కాగితం ఆడలేదురా. మీ జేజినాయన ఆడినాడు."

"సచ్చిపోయినోళ్లను యాల తిడతావు?"

"మా నాయన గూడా సచ్చిపోయినాడు. ఇంతకుముందు నవ్వినారే, అప్పుడు గుర్తురాలేదా?"

"నీకు చూపిచ్చుకునేకి ఏముండాదత్తా? నువ్వు పుట్టకముందు సంగతి."

"మా నాయన ఎడమ భుజం వెనక గుంత ఉండె. శనివారం శనివారం నేనే నూనె పూస్తాంటి. నూనె నిలబడేది దాంట్లో."

"చూసినోళ్లు ఇంకెవురన్నా ఉండారా?"

లేరు. మా అమ్మ లేదు, అవ్వ లేదు. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "కృపమణమ్మా, మీరిద్దరూ ఒక్క ఇంటివాళ్లే. పెద్ద అనీ వద్దు, చిన్న అనీ వద్దు. ఇట్లా రాయిద్దాం," అని ఒక చీటీ మీద రాసి నాకు ఇచ్చారు. గాబ్రియేలు కుమారుడు ఏసన్న. నా భర్త పోయాక, తల నెరిసిన తర్వాత, స్త్రీల బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. మూడు మాటలు చదవడానికి నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. వాటిలో లేని నాలుగో మాట కూడా కనపడింది.

"నాకు సమ్మతమే అయ్యగారూ," అన్నాడు జయపాల్ వెంటనే. చిరునవ్వు నవ్వాడు. "ఆ ఏసన్న ఎవరో ఊరికి తెల్సు గదా."

ఆ నవ్వుకు నేను చెప్పు తీయకుండా ఎట్లా నిగ్రహించుకున్నానో ఆ ప్రభువుకే తెలియాలి. కాకపోయినా చెప్పులు బయట విడిచి వచ్చాను.

ఇంటికి పోతూ ఒకటే ఆలోచన. పెదనాయన వీపు ఎవరు చూశారు? ఊళ్లో ఎవరూ చూడలేదు. మిలిటరీ మనిషినని చెప్పుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఎండాకాలంలో కూడా బనీను తీసేవాడు కాదు. కాని చివర్లో రెండేళ్లు పక్షవాతంతో మంచాన పడ్డాడు. ఆయన్ను తిప్పి పడుకోబెట్టింది, ఒళ్లు తుడిచింది ఒకే ఒక్క మనిషి. కోడలు దీనమ్మ. జయపాల్‌ను కన్న తల్లి.

తిన్నగా వాళ్లింటికే పోయాను. జయపాల్ ఇంకా చర్చి దగ్గరే ఉన్నాడు. దీనమ్మ మోకాళ్ల నొప్పులతో ఆరాధనకు రాలేదు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"వదినా, మీ మామ వీపున మచ్చ ఉండెనా?" అన్నాను, నిలబడే.

ఆమె తల ఎత్తలేదు. "కూర్చో కృపా. మజ్జిగ తాగుతావా?"

"మచ్చ ఉండెనా లేదా?"

గింజ తీసి పక్కన వేసింది. ఇంకో గింజ తీసింది. "సాపుగా ఉండె. పసిబిడ్డ వీపు లెక్క."

"ఇన్నేండ్లు తెలిసీ గమ్మున కూర్చున్యావా?"

"ఆగస్టు పదైదుకు ఒక పిలగాడు అడిగినాడంట, తాతా గాయం చూపియ్యి అని. మగోడు గాయాలు చూపియ్యకూడదురా అన్నాడంట మా మామ. ఇంటికొచ్చి గొప్పగా చెప్పినాడు నాకు. నేను లోపలికి పోయి నవ్వుకుంటి."

"నవ్వుకుంటివా! మా నాయనను స్తంభానికి కట్టేసి కొట్టినారు వదినా."

"అది నేను ఆ ఇంటికి రాకముందు. నాకు తెల్దు."

"ఇప్పుడు తెలిసింది గదా. వచ్చే ఆదివారం చర్చిలో లేచి చెప్పు."

"నా కొడుకును మంది ముందర తల దించుకునేట్ల చేయమంటావా?" అంది. "చేయను. నువ్వు పో."

పొమ్మంటే పోయాను. పోయే ముందు ఆమె చింతపండు చేటను కాలితో తన్నాను. గింజలూ పండూ అరుగంతా చెల్లాచెదురయ్యాయి. ఆమె ఏరుకోవడం మొదలుపెట్టింది. అది చూస్తే నాకు ఇంకా మండింది.

మరుసటి రోజు పొద్దున్నే దీనమ్మ మా వాకిట్లో ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో సంచి, ఇంకో చేతిలో కర్ర.

"చర్చిలో చెప్పను," అంది. "రాయి యాడ చెక్కుతాండారో మాత్రం చెప్తా. బేతంచర్లలో మాబాషా అని, వాని పాలిష్ ఫ్యాక్టరీలో. నిన్న సాయంత్రమే జయపాలు పేర్లు పంపించినాడు. చీర మార్చుకో, బస్సుకు టైమయితాది."

డోన్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. మొదటి బస్సులో నేను ఆమెతో మాట్లాడలేదు. రెండో బస్సులో ఆపుకోలేకపోయాను.

"నాకు ఒక్కటి చెప్పు. ఒక్కసారన్నా నోరు తెరవాలని అనిపిచ్చలేదా నీకు?"

"నన్నెవురు అడిగినారు? ఇంటి కోడల్ని ఎవురన్నా అడుగుతారా? నువ్వు గూడా అడగలే."

"నీకు తెల్సని నాకేం తెల్సు!"

"అదే చెప్తాండా. నీకు గూడా నేను కనపళ్లే." కర్రను సీటు పక్కకు ఆనించుకుంది. తర్వాత బస్సులో అందరికీ వినపడేట్టు అంది: "రెండేండ్లు ఆయన పీతి ఎత్తిపోస్తి. ఆయన అబద్ధం గూడా నేనే ఎత్తిపోయల్లనా?"

ముందు సీట్లో ఉన్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఏమప్పా, నీతో కాదు, ముందుకు చూడు," అంది దీనమ్మ.

బేతంచర్లలో దిగేసరికి ఎండ మండిపోతోంది. ఆ ఊరంతా రాతి దుమ్మే. చెట్లమీద, గుడిసెలమీద, మనుషుల కనుబొమ్మలమీద తెల్లగా పేరుకుని ఉంటుంది. మాబాషా నడివయసు మనిషి. మా రాయిని రెండు దిమ్మెల మీద పరిచి ఉంచాడు. అక్షరాలు ఇప్పుడు ఉలితో చెక్కడం లేదు. కంప్యూటర్లో కోసిన స్టిక్కరు రాతి మీద అతికించి, దాని మీద గాలితో ఇసుక కొడతారు. స్టిక్కరు అతికించేశాడు. ఇసుక కొట్టడం మిగిలింది. వంగి చదివాను. పై నుంచి నాలుగో పేరు. గాబ్రియేలు కుమారుడు ఏసన్న.

"దీని ముందర చిన్న అని పెట్టల్ల," అన్నాను. "చిన్న ఏసన్న."

"అయ్యో అవ్వా, అట్ల మార్చేది కాదు. జయపాల్ సారు చెప్పల్ల."

"ఈమె జయపాల్ సారును కన్న తల్లి."

మాబాషా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాడేమో, ఫోన్ కలిపి స్పీకరు పెట్టి దీనమ్మ చేతికి ఇచ్చాడు.

"ఏమప్పా మాబాషా, అయిపోయిందా?" అన్నాడు జయపాల్.

"నేనురా. మీ అమ్మను."

"అమ్మా? నువ్వు యాడుండావు?"

"బేతంచర్లలో. రాయి ముందర. చిన్న ఏసన్న అని రాయమని చెప్పు ఈ యప్పకు."

"అత్త తీసుకొచ్చిందా నిన్ను? అమ్మా, నీకేమన్నా మతి చెడిందా?"

"మనింట్లో ఆ మాట అలవాటేలే. మీ జేజినాయన వీపు తుడిచిన చేయిరా ఇది. ఆ వీపున గీర గూడా లేదు. కాగితంలో గాయమని ఉండాది గదా? మరి యాడికి పోయ గాయం?"

"అమ్మా, స్పీకరు తీసేయ్."

"నాకు తీసేది రాదు."

"ఊర్లో మన పరువేం గావల్ల? బళ్లో ఆయన ఫోటో ఉండాది. నా బిడ్డలకు ఏం చెప్పల్ల నేను?"

"మనది కాదురా ఆ పరువు. శానా ఏండ్లు వాడుకున్యాం. ఇచ్చేద్దాం."

"నేనొస్తాండా ఆడికి. అంతవరకూ ఇసుక కొట్టొద్దని చెప్పు."

"రా. వచ్చి నన్ను ఈడ్చుకుని పో," అంది దీనమ్మ. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న గొంతు ఒక్కసారిగా పెరిగింది. "కాని ఆదివారం గూడా నేను చర్చికి వస్తా. మోకాళ్లు పోయినా దేక్కుంటా వస్తా. పెద్ద ఏసన్న వీపు గురించి అయ్యగారి పక్కన నిలబడి చెప్తా. యాడ తేల్చమంటావో నువ్వే చెప్పు. ఈడనా, ఆడనా?"

మిషను ఆపి పనివాళ్లు కూడా వింటున్నారు. జయపాల్ ఊపిరి తీయడం వినపడింది.

"మీ ఇష్టమొచ్చినట్ల రాసుకోండి," అని పెట్టేశాడు.

మాబాషా ఫోన్ తీసుకుని తన గుడ్డతో తుడుచుకున్నాడు. "చిన్న అంటే సరిపోతాదా అవ్వా? మిలిటరీ అని గూడా పెట్టల్లనా? జాగా ఉండాది."

"వద్దు," అన్నాను. "ఆ మాట వేరేవాళ్లు ఎంగిలి చేసినారు."

కొత్త స్టిక్కరు కోసి అతికించాడు. మొహానికి గుడ్డ కట్టుకుని ఇసుక కొట్టాడు. ఆ మోత భరించలేనంత ఉంది. మాకు చెవులు మూసుకోవాలని కూడా తోచలేదు. స్టిక్కరు ఒలిచేశాక, నల్లరాతిలో తెల్లగా మా నాయన పేరు కనపడింది. దీనమ్మ నా వైపు చూసింది. నేనేమైనా అంటానేమో అని ఎదురుచూసిందనుకుంటాను. నిన్న చేట తన్నినందుకు తప్పయిందని చెప్పి ఉండవచ్చు. కాని ఆమె నోరు మూసుకుని కూర్చున్న ఏళ్లన్నీ కళ్ల ముందు తిరుగుతున్నాయి. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకే ఇచ్చాను. అంతకంటే నా వల్ల కాలేదు.

నూరేళ్ల పండుగ రోజున చర్చి నిండిపోయింది. కర్నూలు నుంచి, కడప నుంచి కూడా మనవాళ్లు వచ్చారు. రాతి మీద కప్పిన గుడ్డ కమిటీ పెద్దగా జయపాలే తీయాలి. పేర్లు కూడా అతనే పైకి చదవాలి. దీనమ్మ, నేను ముందు వరసలో కూర్చున్నాం, పక్కపక్కన కాదు. గుడ్డ తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. మొదటి మూడు పేర్లు గట్టిగా, గంట కొట్టినట్టు చదివాడు. నాలుగో పేరు దగ్గర దగ్గు వచ్చింది. దగ్గులోనే ఏదో గొణిగి ఐదో పేరుకు పోయాడు.

నేను లేచి నిలబడ్డాను.

"జయపాలూ, నాలుగోది వినపళ్లే. మళ్లీ చదువు."

"చదివినా గదత్తా."

"వినపళ్లేదంటాండా."

అందరూ నన్నే చూస్తున్నారు. అయ్యగారు కూర్చోమని చేత్తో సైగ చేశారు. కూర్చోలేదు. జయపాల్ వాళ్ల అమ్మ వైపు చూశాడు. ఆమె కర్ర మీద రెండు చేతులూ ఆనించి అతని మొహంలోకే చూస్తోంది. అతను రాతి వైపు తిరిగాడు.

"గాబ్రియేలు కుమారుడు," అన్నాడు. ఆగాడు. "చిన్న ఏసన్న."

ఎవరూ నవ్వలేదు.

ఇంకోసారి చదవమన్నాను.